12కు కారణాంకాలు రాయమంటే 24, 36 రాసిన పాప

నేను హైదరాబాద్‌లో ఒక బస్తీలోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో టీచర్‌ని. ఐదో తరగతికి లెక్కలు చెప్తాను. ఇది మా తరగతిలోని ఒక పాప కేసు. ఇక్కడ ఆమెను లత అంటాను, అసలు పేరు వేరు. బడి ఏదో, ఏ సంవత్సరమో రాయడం లేదు, ఆ పాపను గుర్తుపట్టగలిగే సంగతులన్నీ తీసేశాను. కారణాంకాల పాఠం చెప్పే ప్రతి టీచర్‌కూ ఇలాంటి పిల్లలు తగులుతారు. వాళ్ల నోట్‌బుక్‌లో తప్పు కొట్టి ముందుకు వెళ్లిపోతాం. నేనూ రెండు వారాలు అదే చేశాను. అందుకే ఇది రాస్తున్నాను.

నేపథ్యం

ఆ ఏడాది ఐదో తరగతిలో 26 మంది. ఇళ్లలో తెలుగు మాట్లాడేవాళ్లు కొందరు, ఉర్దూ మాట్లాడేవాళ్లు కొందరు. ఎక్కాలు అంటే ఒకరికి అర్థమవుతుంది, పహాడే అంటే ఇంకొకరికి. పాఠ్యపుస్తకం ద్విభాషా పుస్తకం. ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు. ఒక పేజీలో ఫ్యాక్టర్, మల్టిపుల్. ఇంకో పేజీలో కారణాంకం (ఒక సంఖ్యను శేషం లేకుండా భాగించేది), గుణిజం (ఆ సంఖ్య ఎక్కంలో వచ్చేది). నాలుగు కొత్త మాటలు ఒక్కసారే పిల్లల మీద పడతాయి.

లత తల్లి ఇంట్లోనే మిషన్ కుడుతుంది. లత నెమ్మదస్తురాలు, చేతిరాత ముత్యాలు. 10 దాకా ఎక్కాలు తడుముకోకుండా చెప్తుంది, 12వ ఎక్కం కూడా వచ్చు. భాగహారం కూడా బాగానే చేస్తుంది. అంటే పునాది బలహీనంగా ఉన్న పిల్ల కాదు. ఈ సంగతి ముఖ్యం. ఎందుకంటే కారణాంకాలు రాకపోతే మనం మొదట అనేమాట “ఎక్కాలు రావు” అనే.

సమస్య

12, 18, 20 సంఖ్యలకు కారణాంకాలు రాయమన్నాను. లత నోట్‌బుక్‌లో ఇలా ఉంది:

12 యొక్క కారణాంకాలు: 12, 24, 36, 48, 60
18 యొక్క కారణాంకాలు: 18, 36, 54, 72, 90
20 యొక్క కారణాంకాలు: 20, 40, 60, 80, 100

ఒక్క గుణకారం కూడా తప్పు కాదు. గుణిజాలు, కారణాంకాలు తారుమారు చేసిందనుకుని ఎర్ర ఇంకుతో కొట్టి, పక్కన సరైన జవాబు రాసిచ్చాను. పాప ఆ జవాబును పదిసార్లు రాసుకొచ్చింది. వారం తర్వాత 15 ఇస్తే 15, 30, 45 రాసింది.

అప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని, “ఇవి ఎట్లా వచ్చాయమ్మా?” అని అడిగాను. ఈ ప్రశ్న మొదటి రోజే అడగాల్సింది.

“24 ఎందుకొచ్చింది టీచర్? 12 ఉంది కాబట్టి వచ్చింది. 24కు కారణం 12. 36కు కూడా 12 కారణమే. అందుకే ఇవి 12 కారణాంకాలు.”

నేను ఒక నిమిషం మాట్లాడలేకపోయాను. పాప పదాన్ని విడగొట్టి చదివింది. కారణం, అంకం. 12 కారణంగా పుట్టిన అంకాలు. అర్థం దాదాపు సరిగ్గానే పట్టుకుంది. 24కు 12 కారణాంకమే కదా! తిరగబడింది ఒక్క దిక్కు మాత్రమే. “12 యొక్క కారణాంకాలు” అన్న మాటలో 12 కారణమా, ఫలితమా అన్నది ఎక్కడా లేదు. పెద్దవాళ్లకు అలవాటై ఆ గుంట కనిపించదు. పాప అందులో కాలు వేసింది.

ఇది కేవలం పేరు గందరగోళమా, లోపల భావమే లేదా అని తేల్చుకోవాలి. పేరు ఎత్తకుండా అడిగాను: “12 చాక్లెట్లు ఉన్నాయి. మిగలకుండా ఎంతమందికి సమానంగా పంచొచ్చు?” వెంటనే చెప్పింది: ఇద్దరికి, ముగ్గురికి, నలుగురికి, ఆరుగురికి. భావం ఉంది. కాకపోతే 1, 12 రాలేదు. “ఒక్కరికి?” అన్నాను. “ఒక్కరికే ఇస్తే పంచుడు ఎట్లయితది టీచర్?” అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఇంట్లో పంపకం అనే మాటకు అర్థం అదే మరి.

కాబట్టి సమస్యలు రెండు. ఒకటి, దిక్కు: సంఖ్య నుంచి ఎక్కంలోకి వెళ్లాల్సింది, ఎక్కం నుంచి సంఖ్యల్లోకి వెళ్తోంది. రెండు, 1నీ అదే సంఖ్యనూ కారణాంకాలుగా ఒప్పుకోకపోవడం. మూడోది కూడా ఒకటి ఉందని అప్పటికి నాకు తెలియదు.

చేసి చూసినవి, పనిచేయనివి

మొదట నిర్వచనం పట్టుకున్నాను. “ఒక సంఖ్యను శేషం లేకుండా భాగించే సంఖ్య దాని కారణాంకం.” లత మర్నాటికి అప్పజెప్పింది. 12కు మళ్లీ 24 రాసింది. అడిగితే, “12 పోయి 24ను భాగిస్తది కదా, శేషం లేదు” అంది. అక్షరాలా నిజం. నిర్వచనం వచ్చినంత మాత్రాన, ఎవరు ఎవరిని భాగిస్తున్నారో ఆ వాక్యం పిల్లల కళ్ల ముందు నిలబెట్టదు.

తర్వాత, చాలామంది టీచర్లం చెప్పే చిట్కా చెప్పాను: కారణాంకాలు చిన్నవి, గుణిజాలు పెద్దవి. ఈ కేసులో నేను చేసిన పెద్ద తప్పు ఇదే. రెండు రోజుల్లో 24, 36 మాయమయ్యాయి, నేను సంతోషపడ్డాను. మూడో రోజు 12కు 2, 3, 4, 5, 6, 10 అని రాసింది. 5, 10 చిన్నవే కదా! 12 మాత్రం రాయలేదు, ఎందుకంటే 12 కంటే 12 చిన్నది కాదు. పాప నా చిట్కాను నిజాయితీగా పాటించింది. నేనిచ్చింది ఆలోచన కాదు, ఆలోచించకుండా తప్పించుకునే దారి. ఆ చిట్కాను క్లాసులో అందరి ముందు వెనక్కి తీసుకున్నాను. ఇది తప్పు, నేను చెప్పకూడదు అన్నాను.

మూడోసారి వస్తువులు తెచ్చాను. చింతగింజలను వరుసలుగా పేర్చి దీర్ఘచతురస్రాలు చేయడం. మంచి పద్ధతే, శిక్షణల్లోనూ చెప్తారు. కానీ మాకు రెండు చోట్ల దెబ్బ తగిలింది. భోజనంలో గుడ్డు ఇచ్చే రోజున ఖాళీ గుడ్ల అట్ట ఒకటి తెచ్చి, “ఇందులో 30 గుంటలు, 5 వరుసలు, వరుసకు 6” అని చూపించాను. పిల్లలు 30కి కారణాంకాలు 5, 6 అని తేల్చేశారు. అచ్చుపోసిన అట్ట కదా, దాన్ని ఇంకో ఆకారంలోకి మార్చలేం. ఒక సంఖ్యకు ఒకటే ఆకారం అనే అభిప్రాయం నేనే కలిగించాను. రెండోది, 12 గింజలను ఒకే వరుసలో పెడితే లత ఒప్పుకోలేదు: “ఇది గీత టీచర్, డబ్బా కాదు.” మళ్లీ 1, 12 బయటే ఉండిపోయాయి. గింజలు దొర్లిపోవడం ఒకటి. వరుస కలిసేలోపు వాటి వెనకాల పరుగెత్తడమే సరిపోయింది.

ఇక్కడ ఆగాను. పాఠం ముందుకు నడవాలి, వెనకాలే గసాభా (గరిష్ఠ సామాన్య భాజకం), కసాగు (కనిష్ఠ సామాన్య గుణిజం), భిన్నాలు ఉన్నాయి. టెన్షన్ ఉంది. కానీ కారణాంకాలు రాకుండా 18/24 భిన్నాన్ని సూక్ష్మరూపంలో రాయమంటే అది మళ్లీ బట్టీ అవుతుంది.

దిక్కు మార్చిన ఆట

ఎక్కం చదివేటప్పుడు ఏం జరుగుతుందో ఆలోచించాను. “మూడొకట్ల మూడు, మూడు రెళ్ళ ఆరు, మూడు మూళ్ళ తొమ్మిది.” మూడు ఒక చోట కూర్చుంటుంది, సంఖ్యలు దాని ముందు నుంచి వెళ్లిపోతుంటాయి. నాలుగేళ్లుగా పిల్లలు చూసింది ఈ ఒక్క వైపే. కారణాంకం అడిగితే 12 కూర్చోవాలి, ఎక్కాలు ఒక్కొక్కటే వచ్చి తలుపు తట్టాలి. అయితే పాపనే 12 చేసి కూర్చోబెడితే?

వరండాలో 26 మందిని వరుసగా కూర్చోబెట్టాను. మెడలో 1 నుంచి 26 దాకా అట్టముక్కలు, చేతిలో పలక. లతకు కావాలనే 12 ఇచ్చాను. నియమం ఒక్కటే: నేను ఒక ఎక్కం పేరు చెప్తాను, అందరూ కలిసి 26 దాకా చదవాలి. ఆ ఎక్కంలో నీ సంఖ్య పలికితే, కూర్చున్నవాళ్లు లేవాలి, నిల్చున్నవాళ్లు కూర్చోవాలి. ఏ ఎక్కం పిలిచిందో పలక మీద రాసుకోవాలి. కారణాంకం అనే మాట ఎత్తలేదు.

1వ ఎక్కం. అందరూ లేచారు, అందరి పలకల మీద 1. 2వ ఎక్కానికి సరి సంఖ్యలన్నీ కూర్చున్నాయి. 3వ ఎక్కానికి లత మళ్లీ లేచింది. 4కు కూర్చుంది. 5వ ఎక్కం వచ్చినప్పుడు సగం లేచి, “ఐదు రెళ్ళ పది, ఐదు మూళ్ళ పదిహేను” వినగానే ఆగిపోయింది. ఆ సగం లేచి ఆగిన క్షణం నేను మర్చిపోను. 5 అనేది 12ను దాటేసి వెళ్లిపోవడం ఒంటితో తెలుసుకుంది. 6కు లేచింది. 7, 8, 9, 10, 11 ఎక్కాలు పక్కనుంచి పోయాయి. 12వ ఎక్కానికి “పన్నెండొకట్ల పన్నెండు” అనగానే కూర్చుంది. ఆ తర్వాత 13 నుంచి 26 దాకా ఏ ఎక్కమూ ఆమెను పిలవలేదు.

పలక మీద 1, 2, 3, 4, 6, 12.

13 వేసుకున్న బాబు “నన్ను ఎవ్వరు పిలుస్తలేరు టీచర్” అని ముఖం చిన్నబుచ్చుకున్నాడు. 1 పిలిచింది, మళ్లీ 13 దాకా ఎదురుచూడాలి. 24 వేసుకున్న పాప నాలుగుసార్లు లేచి, నాలుగుసార్లు కూర్చుని అలసిపోయింది. ప్రధాన సంఖ్య, సంయుక్త సంఖ్య అనే పేర్లు చెప్పకముందే ఆ తేడా పిల్లలకు తెలిసిపోయింది. పెద్ద సంఖ్యకు ఎక్కువ కారణాంకాలుంటాయనే అపోహ కూడా పోయింది. 24ను ఎనిమిది ఎక్కాలు పిలిస్తే, పక్కనే ఉన్న 25ను పిలిచినవి మూడే.

ఆట అయ్యాక లతను అడిగాను: “నిన్ను ఎవరెవరు పిలిచారు?” పలక చదివింది. “వీళ్లు 12కు కారణాంకాలు. 12 రావడానికి కారణమైన అంకాలు. నువ్వు చెప్పిన అర్థమే, కాకపోతే ఇక్కడ 12 కారణం కాదు, ఫలితం.” పాప పలకను చూస్తూ, “అయితే 24 పలక మీద 12 ఉంటది” అంది. లేచి వెళ్లి చూసింది. ఉంది. మొదట్లో తాను రాసిన 24 ఎందుకు తప్పో, అందులో ఎంత నిజం ఉందో తనే చూసుకుంది. 1 గురించి కూడా మళ్లీ అడగలేదు. 1వ ఎక్కం తనను లేపింది కదా.

ఆమె పదాన్ని విడగొట్టి చదివిన తీరును నేను తప్పని కొట్టేయకుండా ఉంచడానికి కారణం ఇదే. ఆ చదవడం సరైనదే. దాన్ని చెరిపేస్తే ఇంకెప్పుడూ పదాన్ని విప్పి చూడదు.

“ఏమో టీచర్”

పలకల మీదివన్నీ ఒక చార్టుకు ఎక్కించి గోడకు అంటించాం. వారం తర్వాత చార్టులో లేని 42 ఇచ్చాను. లత రాసింది: 1, 2, 3, 6, 7, 14, 42. దిక్కు సరిగ్గా ఉంది, తప్పు సంఖ్య ఒక్కటీ లేదు. 21 లేదు.

“అయిపోయాయా?” అన్నాను.

“ఏమో టీచర్.”

నాకు కనిపించని మూడో సమస్య ఇదే. కారణాంకాలు వెతకడం వచ్చింది, ఎక్కడ ఆగాలో తెలియదు. ఆటలో 26వ ఎక్కం దగ్గర ఆపింది నేను. నోట్‌బుక్ ముందు ఎవరు ఆపుతారు? పిల్లలు “ఇంతేనా టీచర్?” అని మన ముఖంలోకి చూసేది ఇందుకే. ఎవరినీ అడగకుండా “అయిపోయాయి” అని తనే చెప్పగలిగితేనే పాఠం వచ్చినట్టు అని నా అభిప్రాయం.

1 నుంచి 42 దాకా ఒక్కొక్కటీ భాగించి చూడమనొచ్చు. నమ్మకమైన దారే, కానీ విసుగు, మధ్యలో వదిలేస్తారు. జతలు, అంటే గుణిస్తే 42 వచ్చే రెండేసి సంఖ్యలు, రాయించొచ్చు. జతల పద్ధతి చాలామంది నేర్పుతారు, నేను మొదట్లో కావాలనే నేర్పలేదు. కారణం తెలియకుండా నేర్పితే ఇంద్రధనుస్సులా గీతలు గీసే డ్రాయింగ్‌గా మిగులుతుంది. ఇప్పుడు పాపకు దాని అవసరం పడింది, అందుకే ఇప్పుడు తీశాను. 42ను 2తో భాగించినప్పుడు ఆమెకు 21 వచ్చింది. దాన్ని లెక్క జవాబుగా చూసింది, ఇంకో కారణాంకంగా చూడలేదు.

ఈసారి గింజలు కాదు, గుండీలు. లతే ఇంటి నుంచి డబ్బాడు తెచ్చింది. చదునుగా ఉంటాయి, గళ్ల కాగితం మీద పెడితే కదలవు. 2 వరుసలు, వరుసకు 21. “ఇప్పుడు కాగితాన్ని తిప్పు” అన్నాను. జాగ్రత్తగా తిప్పింది. 21 వరుసలు, వరుసకు 2. “21 కూడా పిలుస్తది!” ఇంతకుముందు పనిచేయని వరుసల పద్ధతే ఇది. అప్పుడు పిల్లల దగ్గర ప్రశ్న లేదు, నేను జవాబు ముందే పెట్టాను.

నోట్‌బుక్‌లో రెండు నిలువు వరుసలు గీశాం. ఎడమవైపు 1, 2, 3. కుడివైపు వాటి జోడు 42, 21, 14. 4 రాదు. 5 రాదు. 6కు జోడు 7. తర్వాత ఎడమవైపు 7 రాయబోయి పెన్సిల్ ఆపింది. “7 అటుపక్క వచ్చేసింది టీచర్.”

“అయితే?”

“ఇగ అయిపోయినయ్.”

“8 ఉండొచ్చేమో?” ఆ రోజు జవాబు రాలేదు. నేను చెప్పలేదు. నాలుగైదు సంఖ్యలు చేశాక, మూడో రోజున తనే వచ్చి చెప్పింది: “8 ఉంటే దాని జోడు 6 కంటే చిన్నగ ఉండాలె. చిన్నవన్నీ చూసిన గద, వాటికి 8 జోడు రాలే.” ఇది పూర్తి నిరూపణ. ఎడమవైపు పెరుగుతూ, కుడివైపు తగ్గుతూ వచ్చి రెండూ ఎదురుపడ్డాక కొత్తది దొరకదు.

36 దగ్గర 6కు జోడు 6 వచ్చింది. ఒకసారి రాయాలా, రెండుసార్లా? క్లాసులో వాదన జరిగింది. వరండా ఆట చివర్లో నిలబడి మిగిలినవాళ్లు ఐదుగురే: 1, 4, 9, 16, 25. వాళ్లే ఎందుకు మిగిలారో ఆ రోజు ఎవరూ చెప్పలేదు, నేనూ వదిలేశాను. ఇప్పుడు లత చెప్పింది: “అందరికీ జోడీలు ఉంటయి, ఒకరు లేపితే ఇంకొకరు కూర్చోబెడతరు. 16కు 4 జోడు 4నే. అది లేపినంక కూర్చోబెట్టేటోళ్లు లేరు.”

ఇప్పుడు ఎలా చెప్తున్నానంటే

నిర్వచనం కంటే ముందు వరండా ఆట ఆడిస్తున్నాను. బోర్డు మీద “12 యొక్క కారణాంకాలు” అని రాయను. “12ను పిలిచే ఎక్కాలు” అని మొదలుపెట్టి, “12కు కారణాంకాలు” దగ్గరికి వస్తాను. చిన్నవి, పెద్దవి అనే చిట్కా మానేశాను. దానికి బదులు ఖాళీలు పూరించే వాక్యం ఇస్తాను: “___ ఎక్కంలో ___ పలుకుతుంది, కాబట్టి ___కు ___ కారణాంకం.” ఈ వాక్యంలో ఎవరు ఎవరో తెలియకుండా ఖాళీలు నింపలేరు. 4 ఎక్కంలో 12 పలుకుతుంది, కాబట్టి 12కు 4 కారణాంకం. ఇదే వాక్యం తిప్పితే గుణిజం వస్తుంది, 4కు 12 గుణిజం. రెండు పేర్లూ ఒకే సంబంధానికి రెండు చివర్లు అని అప్పుడు చెప్తాను, ముందు కాదు.

వింత జవాబు కనిపిస్తే ఎర్ర ఇంకు కంటే ముందు “ఇవి ఎట్లా వచ్చాయి?” అని అడుగుతున్నాను. ఆ ఏడాది లతలాగే గుణిజాలు రాసినవాళ్లు ఇంకో ఐదుగురు ఉన్నారు. అడిగితే ముగ్గురిదే లత ఆలోచన. ఒకరు పక్కవాళ్లది చూసి రాశారు. ఇంకొకరు ఇంగ్లిష్ పేజీలోని రెండు మాటలు తారుమారు చేసుకున్నారు, పేర్లు చెప్పగానే సరిదిద్దుకున్నారు. పైకి ఒకే తప్పు, లోపల మూడు వేర్వేరు కారణాలు.

ఇవన్నీ ఎందుకని పిల్లలు అడుగుతారు. డజను మాట చెప్తాను. 10కి కారణాంకాలు నాలుగే, 12కు ఆరు. అందుకే డజనును సగం, మూడో వంతు, పావు చేసినా ముక్కలు కావు. 1957 దాకా రూపాయికి 16 అణాలు ఉండేవి: అర్ధ రూపాయికి 8, పావలాకు 4, బేడకు 2. ఇంట్లో తాతయ్యలను అడిగి రమ్మంటాను. మర్నాడు కథలు మోసుకొస్తారు.

లతకు ఇంకా పూర్తికానిది ఒకటి ఉంది. సంక్రాంతి సెలవుల తర్వాత ఒక కాగితం తెచ్చింది. గుండీలు గ్రోసు లెక్కన కొంటారు. గ్రోసు అంటే 12 డజన్లు, 144. ఎవరూ చెప్పకుండానే ఇంట్లో 144కు రెండు నిలువు వరుసలు వేసింది. 1కి 144, 2కు 72, 3కు 48, 4కు 36, 6కు 24, 8కి 18, 12కు 12. చివరి 12 ఒక్కసారే రాసి, కింద గీత గీసింది.

“9?” అన్నాను.

“9 ఎక్కం 90 దాకనే ఉంది టీచర్.”

ఆగడం తెలిసింది, కానీ ఎక్కం 10 దగ్గర ఆగిపోతుందని ఇంకా అనుకుంటోంది. ఇద్దరం వరండాలో నేల మీద కూర్చున్నాం. వరుసకు 9 చొప్పున గుండీలు పేర్చడం మొదలుపెట్టింది. పదో వరుస దగ్గర నా వైపు చూసింది, నేను ఏమీ అనలేదు. పదకొండు, పన్నెండు. పదహారో వరుస నిండేసరికి చేతిలో గుండీ మిగల్లేదు. కాగితం తీసుకుని 8కి, 12కు మధ్య ఉన్న ఇరుకు జాగాలో 9, దాని ఎదురుగా 16 చిన్నగా ఇరికించి రాసింది. తర్వాత, నేను అడగకముందే, 10, 11 కూడా పేర్చి చూడటానికి గుండీలన్నీ మళ్లీ కుప్ప పోసింది.